ఇరవయ్యారు పొరల సున్నం

ఇస్త్రీపెట్టె మూత ఎత్తి, కుంపట్లో ఎర్రబడ్డ బొగ్గుల్ని పట్టకారుతో ఒక్కొక్కటే లోపల పేర్చింది మడతలమ్మ. పైన రెండు నల్ల బొగ్గులు వేసి మూత బిగించి, పెట్టెను అటూ ఇటూ నాలుగుసార్లు ఊపింది. పక్క చిల్లుల్లోంచి ఎర్రటి వెలుగు కనిపించాక అడుగును తడిగుడ్డకు ఆనించింది. చుయ్‌మంది. ఆ చప్పుడు సాగుతూ పోతే వేడి చాలనట్టు, టక్కున తెగిపోతే బట్ట కాలుతుందన్నట్టు. ఇవాళ సరిగ్గా తెగాల్సిన చోట తెగింది. బల్ల మీద పరిచి ఉన్న నల్లకోటును తన వైపు లాక్కుంది.

ఆ కోటు ఎవరిదో తెలిస్తే ఎవరికైనా నవ్వు రాక మానదు. ఆమెను ఈ గదిలోంచి గెంటించడానికి మూడేళ్లుగా కోర్టులో గొంతు చించుకుంటున్న ఎదుటి పక్షం వకీలుగారిది. ఆయన ఆఫీసు రెండేళ్ల కిందట ఈ వీధిలోకి మారింది. దగ్గర్లో ఇస్త్రీ చేసేవాళ్లు మరొకరు లేరు. మొదటిసారి ఆయన గుమాస్తా కోటు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టినప్పుడు వీధి వీధంతా నోరు వెళ్లబెట్టింది.

"కాలరు మీద పెట్టె పెట్టి ఒక్క నిమిషం మర్చిపో అత్తయ్యా. పీడా పోతుంది" అంది కోడలు.

"కేసు కేసే, కాలరు కాలరే" అంది మడతలమ్మ.

అప్పటినుంచీ వారానికి రెండుసార్లు ఆ కోటు వస్తూనే ఉంది, కత్తిలాంటి అంచులతో తిరిగి వెళ్తూనే ఉంది. ఇవాళ పదకొండు గంటలకు అప్పీల్లో తీర్పు. ఇదే కోటు తొడుక్కుని ఆయన వస్తాడు. మడతలమ్మ నీళ్లు చిలకరించి, పైన పల్చటి గుడ్డ వేసి, భుజం కుట్టు దగ్గర మామూలు కంటే ఒకసారి ఎక్కువే రుద్దింది. తన పనిని వేలెత్తి చూపించే అవకాశం ఆయనకు మాత్రం అస్సలు ఇవ్వదలచుకోలేదు.

ఆమెకు అరవై ఒకటి. పొడుగు మనిషి, బక్కపల్చటి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. ఏడు కిలోల పెట్టెను అన్నేళ్లు లాగితే దిగక ఏం చేస్తుంది? కుడిచేతి నాలుగు వేళ్లూ పిడి పట్టుకున్నట్టే వంగి ఉంటాయి, నిద్రలో కూడా పూర్తిగా తెరుచుకోవు. ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చలు గోధుమరంగులో వరసగా ఉంటాయి. ఆ భుజానికి ఇంక పని చెప్పొద్దని డాక్టరు మూడేళ్ల కిందటే చెప్పాడు. కేసు కూడా సరిగ్గా మూడేళ్ల కిందటే మొదలైంది కాబట్టి ఆ మాట ఆమె చెవిన పెట్టలేదు. గది ఒక్కరోజు మూసి ఉన్నా "ఖాళీగా ఉంది చూడండి" అంటారని భయం. జ్వరం వచ్చినా, ఒళ్లు తూలినా, పొద్దున్నే వచ్చి కుంపటి వెలిగించేది.

మడతలమ్మ అన్న పేరు వీధివాళ్లు పెట్టింది. ఆమె మడతపెట్టిన చొక్కాల దొంతర పక్కన దారం వేలాడదీస్తే ఒక్క చొక్కా కూడా దారాన్ని దాటదు. పాత న్యూసుపేపరు పారేయాల్సి వచ్చినా మడిచే పారేస్తుంది. శుభ్రమంటే పిచ్చి ఆమెకు. ఆ పిచ్చే ఆమె కొంప ముంచింది.

గది మూడంతస్తుల ఇంటి మెట్ల కింద ఉంది. గుమ్మం దగ్గర నిటారుగా నిలబడొచ్చు. లోపలికి పోయేకొద్దీ పైకప్పు మెట్టు మెట్టుగా దిగుతూ వస్తుంది, చివరికి వెళ్లాలంటే పాక్కుంటూ పోవాలి. ఆ మూలలో బొగ్గుల బస్తా. నడిమధ్యలో దుప్పటి పరిచిన బల్ల. బల్ల చివర పెట్టె నిలపడానికి ఒక రాతి పలక. నెత్తి మీద నడిచే ప్రతి అడుగూ ఆమెకు తెలుసు. రెండో అంతస్తు మాస్టారు మూడు మెట్లకొకసారి ఆగుతారు. పై అంతస్తు నర్సమ్మ డ్యూటీకి వెళ్లేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు ఈడ్పు. మనిషి మొహం చూడకుండానే ఇవాళ వాళ్ల బతుకు ఎలా ఉందో చెప్పగలదు.

ఆ గదిని ఆమె భర్త కొన్నాడు. ఇంటి పాత యజమాని పెద్దాయన తన చేత్తోనే కాగితం రాసి, సొమ్ము ముట్టినట్టు సంతకం పెట్టి ఇచ్చాడు. రిజిస్టరు చేయిద్దాం చేయిద్దాం అంటూనే ఇద్దరూ ఒకరి తరవాత ఒకరు కన్నుమూశారు. పెద్దాయన కొడుకులు ఇల్లు అమ్ముకున్నారు. కొన్నాయన మెట్ల పక్కన లిఫ్టు పెట్టాలనుకున్నాడు. లిఫ్టు దిగాల్సిన చోట సరిగ్గా మడతలమ్మ బల్ల ఉంది.

"నేను కొన్నప్పుడు గది ఖాళీగా ఉంది. ఆ తరవాత తాళం పగలగొట్టి ఈమె చొరబడింది" అని కొత్త యజమాని దావా వేశాడు.

రిజిస్టరు కాని కాగితం ఒక్కటే చాలదని, ఆ కాగితం రాసిన నాటినుంచీ గదిలో ఉన్నట్టు రుజువు కావాలని ఆమె తరఫు ప్లీడరమ్మ చెప్పింది. ప్లీడరమ్మ నడివయసు మనిషి, చురుకైనది, కానీ ఎప్పుడు చూసినా కోటు నలిగే ఉంటుంది. క్లయింటు చేత కోటు ఇస్త్రీ చేయించుకోవడం బాగుండదని ఆమె పట్టుదల. ఆ నలిగిన కోటు చూసినప్పుడల్లా మడతలమ్మకు ప్రాణం ఉసూరుమనేది.

"కరెంటు బిల్లులు తీసుకురా అమ్మా" అంది ప్లీడరమ్మ.

"బొగ్గుల పెట్టెకు కరెంటు బిల్లు ఎక్కడిది?"

"మరి బొగ్గుల రసీదులు?"

"బస్తా భుజానేసుకుని వచ్చేవాడు, పడేసి పోయేవాడు. రసీదెవరిస్తారు?"

వీధిలో ఇద్దరు సాక్ష్యానికి వచ్చారు. ఆమె ఇరవై ఏళ్లుగా ఉందని ఒకాయన చెప్పాడు. ముప్పై ఏళ్లని రెండో ఆయన చెప్పాడు. రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గా అసలు లెక్క ఇరవయ్యైదు వచ్చేది గానీ, కోర్టులు అలా లెక్క వేయవు. ఇంక మిగిలిన ఆశ ఒక్కటే. గది చూసి రమ్మని కోర్టు ఒక వకీలును కమిషనరుగా పంపుతోంది. ఆయన కళ్లారా చూస్తే చాలు, మసి పట్టిన గోడలూ పొగచూరిన కప్పూ వాటంతటవే సాక్ష్యం చెబుతాయని ప్లీడరమ్మ లోలోపల ధైర్యం తెచ్చుకుంది.

ఆ మాట ఆమె మడతలమ్మకు కూడా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. కోర్టు మనిషి వస్తున్నాడని మాత్రం చెప్పింది. పెద్దమనిషి వస్తుంటే ఇలాంటి మసిగదిలో నిలబెడతామా అనుకుంది మడతలమ్మ. ఏటా వానలకు ముందు గదికి సున్నం వేయడం ఆమె అలవాటు. ఆ ఏడాది ఒక నెల ముందుగానే వేసేసింది. ఒక పూటంతా కూర్చుని నేల రుద్దింది. బల్ల మీది కాలిన దుప్పటి తీసి కొత్తది పరిచింది. కమిషనరు వచ్చాడు, గది మెరిసిపోతోంది. "చాలా శుభ్రంగా ఉందమ్మా" అని మెచ్చుకున్నాడు కూడా. మడతలమ్మ పొంగిపోయి టీ తెప్పించింది.

ఆయన రిపోర్టులో రాసింది ఇది: గోడలకు కొత్తగా సున్నం వేసి ఉంది, దీర్ఘకాలం వాడిన గుర్తులేవీ కనిపించలేదు, ఇటీవలే ఆక్రమించినట్టు తోస్తోంది.

కింది కోర్టు ఆ ఒక్క ముక్క మీదే తీర్పు చెప్పింది. చొరబాటుదారు అన్న మాట ఆ తీర్పులో నాలుగు చోట్ల ఉంది. గది పోతుందన్న బాధ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. తాళం పగలగొట్టడమంటే ఎలాగో కూడా తెలియని మనిషి ఆమె. తన తాళంచెవి పోగొట్టుకున్నప్పుడు గుమ్మం ముందు మెట్టు మీద సాయంత్రం దాకా కూర్చుందే గానీ తాళం మీద రాయి వేయలేదు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ప్లీడరమ్మ అప్పీలు వేసి, అది తేలేవరకూ ఖాళీ చేయించకుండా స్టే తెచ్చింది.

తెచ్చి, గుమ్మంలో నిలబడి చెడామడా కేకలేసింది. "ఇకమీదట ఈ గదిలో ఏ మార్పూ చేయడానికి వీల్లేదు. సున్నం మాట ఎత్తావంటే నేను కేసు వదిలేస్తా!"

అలా ఆ గదికి సున్నం ఆగిపోయింది. మడతలమ్మకు అది అన్నింటికంటే పెద్ద శిక్ష. గోడలు మళ్లీ నల్లబడుతుంటే చూడలేక మొహం తిప్పుకుని ఇస్త్రీ చేసేది.

నిరుడు వానల్లో ఒక మధ్యాహ్నం బస్తాలోంచి బొగ్గులు తీయడానికి వంగింది. భుజం తగిలిందో, వేడికి గోడ విసిగిపోయిందో, అరచేయంత సున్నం పెచ్చు ఊడి తెల్లచొక్కా మీద పడింది. చొక్కా పాడైందని ముందు మండిపడింది. పెచ్చు తీసి విసిరేయబోతూ దాని అంచు చూసి ఆగిపోయింది. తెలుపు, నలుపు, తెలుపు, నలుపు. దొంతరగా పెట్టిన దుప్పట్ల అంచులా ఉంది. ఏటా వేసిన సున్నం తెల్లటి పొర, ఏడాది పొడుగునా పట్టిన మసి నల్లటి గీత. దొంతర అంచు చూసి ఎన్ని బట్టలున్నాయో చెప్పడం ఆమెకు రోజూ ఉన్న పనే. సూదిమొన ఆనించి లెక్కపెట్టింది. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టింది. కోడల్ని పిలిచింది.

"నాకేం చెప్పకు. నువ్వు లెక్కపెట్టు."

కోడలు గుమ్మం వెలుతుర్లో పెట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. "తెల్లవి ఇరవయ్యారు అత్తయ్యా."

గదిలో దిగిన రోజున వేసింది ఒకటి. ఆ తరవాత ఇరవయ్యైదేళ్లకు ఇరవయ్యైదు. చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి, అందులో ఆ పెచ్చును పొదిగి, చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయి ప్లీడరమ్మ ఆఫీసుకు పరుగెత్తింది.

ప్లీడరమ్మ భూతద్దం పెట్టి చూసింది. పొరలన్నీ తనూ లెక్కపెట్టింది. "నిన్ను ఆ రోజు అన్ని మాటలన్నాను" అని మాత్రం అంది.

మళ్లీ తనిఖీ జరిపించమని అప్పీలు కోర్టులో అర్జీ పెట్టారు. ఎదుటి వకీలుగారు అక్కర్లేదని అరిచి గీపెట్టారు. జడ్జిగారు పెచ్చును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి కొత్త కమిషనరును వేశారు. ఈసారి వచ్చింది ఒక కుర్రవకీలు. టీ వద్దన్నాడు. ఇరుపక్షాల ముందూ గోడకు మూడు చోట్ల చాకుతో చదరంగా కోసి, ఫొటోలు తీసి, పొరలు లెక్కపెట్టాడు. మూడు చోట్లా ఇరవయ్యారే. మధ్యలో ఇరవయ్యైదు నల్లగీతలు. ఆ లెక్కే కాగితం మీద రాసుకుపోయాడు. మడతలమ్మ ఆ మూడు గాట్లనూ చూసి గోడకు నొప్పి పుట్టినట్టు మొహం పెట్టింది.

నల్లకోటు పని అయిపోయింది. గుమాస్తా వచ్చి పట్టుకుపోయాడు. కోడల్ని గదిలో కూర్చోబెట్టి, కుంపటి ఆరిపోకుండా చూడమని రెండుసార్లు చెప్పి, మడతలమ్మ కోర్టుకు బయల్దేరింది.

కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుంది. ఎప్పటిలాగే ప్లీడరమ్మ కోటు వీపు మీద మూడు ముడతలు. ఎదుటి వకీలుగారు దర్జాగా లేచి నిలబడ్డారు, కాలరు చెక్కినట్టు నిలబడింది. తన పని చూసుకుని సంతోషపడాలో, ఏడవాలో ఆమెకు తెలియలేదు. పక్కనే కొత్త యజమాని కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. కేసు పిలిచారు. మడతలమ్మ వంగిన నాలుగు వేళ్లతో బెంచీ అంచును, పెట్టె పిడిని పట్టుకున్నట్టే పట్టుకుంది.

జడ్జిగారు సన్నటి గొంతుతో తీర్పులోని ముఖ్యభాగం చదివారు. ఆమెకు కొంత అర్థమైంది, కొంత కాలేదు. మధ్యలో ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చదివింది మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

"ఖాళీ గదికి ఏటా సున్నం వేయించే అలవాటు ఉండేదని వాది తరఫున వాదించారు. అదే నిజమనుకున్నా, ప్రతి రెండు పొరల మధ్యా మసి ఎక్కడినుంచి వచ్చిందో వాది చెప్పలేకపోయారు. ఖాళీ గదిలో ఎవరూ పాతికేళ్లపాటు బొగ్గులు రాజెయ్యరు. కింది కోర్టు పైపొరను మాత్రమే చూసింది. ప్రతివాది చొరబాటుదారు అనడానికి ఎలాంటి ఆధారమూ లేదు. పాత యజమాని రాసిచ్చిన కాగితం నాటినుంచీ గది ఆమె స్వాధీనంలోనే ఉంది. అప్పీలు అనుమతించడమైనది. కింది కోర్టు తీర్పు రద్దు చేయడమైనది."

ప్లీడరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆమె కళ్లనిండా నీళ్లు. మడతలమ్మకు మాత్రం కన్నీళ్లు రాలేదు. ఒంట్లోకి ఏదో వేడి ఎక్కినట్టయింది. చొరబాటుదారు కాదు. ఆ మాట కోర్టులో, అందరి ముందూ, గట్టిగా చదివారు. బెంచీ మీదినుంచి లేస్తుంటే ఆ దిగిపోయిన కుడిభుజం కూడా కాస్త పైకి లేచిందేమో అనిపించింది.

వరండాలో కొత్త యజమాని ఫోను చెవికి ఆనించుకుని ఎవరినీ చూడకుండా వెళ్లిపోయాడు. వకీలుగారు మాత్రం ఆమె దగ్గర ఆగారు.

"ఏమనుకోకమ్మా. నా పని నేను చేశాను."

"నేనూ నా పనే చేశాను బాబూ" అంది మడతలమ్మ. ఆయన కాలరు వైపు చూసి, "బాగా నిలబడింది" అంది.

వకీలుగారికి నవ్వాగలేదు. ప్లీడరమ్మకు అసలే ఆగలేదు. "పైకోర్టుకు పోవద్దని మా క్లయింటుకు చెబుతాను. ఆ గోడతో ఎవరూ వాదించలేరు" అని చెప్పి ఆయన మెట్లు దిగారు.

ప్లీడరమ్మ చేతులు పట్టుకోబోతే మడతలమ్మ పట్టుకోనివ్వలేదు. "ముందు ఆ కోటు విప్పండి. కేసయిపోయింది. నేనిప్పుడు మీ క్లయింటును కాను."

ప్లీడరమ్మ అక్కడే, వరండాలోనే, కోటు విప్పి ఇచ్చింది.

వీధి మలుపు తిరిగేసరికి కబురు ముందే వచ్చేసింది. మెట్ల మీద మాస్టారు, నర్సమ్మ, కింది వాటావాళ్లు నిలబడి ఉన్నారు. మాస్టారు చప్పట్లు కొట్టారు. ఆయన చప్పట్లు కొట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కోడలు ఎదురొచ్చి అత్తను వాటేసుకుంది. "గెలిచేశావత్తయ్యా!" అని అరిచింది, వీధి చివరి టీకొట్టు దాకా వినబడేలా.

"చాల్లే. కుంపటి చూశావా, ఆర్పేశావా?" అంది మడతలమ్మ. అంది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ వయసులో, ఆ మనిషి, నిలువెల్లా నవ్వింది.

లోపలికొచ్చి ముందుగా ప్లీడరమ్మ కోటు బల్ల మీద పరిచింది. మూడేళ్లుగా కళ్లకు గుచ్చుకున్న ఆ మూడు ముడతల్నీ ఒక్కొక్కటే, తొందరేమీ లేకుండా, తుడిచిపెట్టింది. జీవితంలో ఏ బట్టనూ అంత ఇష్టంగా ఇస్త్రీ చేయలేదు. తరవాత మిగిలిన బట్టలు తీసింది. స్కూలు చొక్కాలు, నర్సమ్మ యూనిఫారాలు, మాస్టారి ప్యాంట్లు. ఒక్కటి కూడా రేపటికి ఉంచలేదు. సాయంత్రానికి బల్ల ఖాళీ అయింది. కోడలికి అప్పుడే ఏదో అనుమానం వచ్చింది. అత్త పని ఎప్పుడూ కాస్త మిగిల్చే వెళ్తుంది.

మడతలమ్మ బొడ్డుసంచిలోంచి తాళంచెవి తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

"నీ కరెంటు ఇస్త్రీపెట్టె మంచం కింద ఏడాదిగా పడుంది కదా. రేపు తెచ్చుకో."

కోడలు బిత్తరపోయింది. "నువ్వో?"

"నాకీ భుజం ఎప్పుడో చెప్పింది ఇంక చాలని. తోస్తే పోయేదాన్ని కాదు కాబట్టి ఆగాను. ఇప్పుడు నా కాళ్లతో నేను పోతున్నా. అంతే తేడా."

"ఇంత కష్టపడి గెలిచింది పోవడానికా అత్తయ్యా?"

"మరి? ఇది మనదని కోర్టు చెప్పాక తాళంచెవి ఇవ్వడం వేరు, దొంగతనంగా ఇవ్వడం వేరు" అంది. కోడలి వేళ్లు తాళంచెవి మీద మూసి, "మీటరు నీ పేరు మీద పెట్టించు. బిల్లులన్నీ దాచు. ఒక్కటి పారేశావంటే ఊరుకోను" అంది.

"సరే."

"ఏటా సున్నం మాత్రం మానొద్దు."

కోడలు నవ్వబోయి ఏడ్చింది. మడతలమ్మ ఆమె తల మీద ఒక్కసారి చెయ్యి వేసి, టిఫిను డబ్బా, తడిగుడ్డ సంచిలో పెట్టుకుంది. గోడకున్న మూడు చదరపు గాట్ల దగ్గర ఒక్క క్షణం నిలబడింది. మొదటి గాటులో అన్నిటికంటే లోపలి పొరను వేలితో తడిమింది. ఆ సున్నం వేసిన రోజున భర్త బ్రష్షు పట్టుకుంటే తను బకెట్టు పట్టుకుంది. ఇద్దరి జుట్టూ తెల్లగా అయిపోతే ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఇక్కడే, గోడలోనే, ఇన్నాళ్లూ ఉంది.

గుమ్మం దాటింది. తలెత్తి మెట్లవైపు చూసి, పైనుంచి దిగుతున్న నర్సమ్మకు చేయి ఊపి, వీధిలోకి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. కోడలు గుమ్మంలో నిలబడి, అత్త మలుపు తిరిగేదాకా చూసి, కళ్లు తుడుచుకుని, తాళం వేసే ముందు బల్ల సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

రాతి పలక మీద బొగ్గుల పెట్టె, పిడి మీద నాలుగు వేళ్ల గుంటలతో, ఇంకా వేడిగానే ఉంది.